అరటితోటలో స్వీడన్ కోట

చెప్పకుండా ఇంటికి వచ్చేవారంటే నాకు మొదటినుంచీ గిట్టదు. ఆ సంగతి నా దగ్గర చదువుకున్న పిల్లలందరికీ తెలుసు కనుక రజియా ముందురోజే ఫోను చేసి, సమయం అడిగి, ఆ సమయానికే వచ్చింది. నేను పదవీ విరమణ చేసి చాలాకాలమైంది. ఈ ఖరీఫ్ గడపడానికి ఒమాన్‌లోని సలాలాలో మా మేనకోడలి ఇంటికి వచ్చానని ఎవరి ద్వారానో విన్నదట. మన వైపు ఖరీఫ్ అంటే పంటకాలం; ఇక్కడ ఖరీఫ్ అంటే తుంపర. అరేబియా అంతా ఎండకు మాడుతున్న నెలల్లో ఈ ఒక్క తీరం మీద మాత్రం పొగమంచు దిగి, కొండలు పచ్చబడతాయి. సముద్రం మాత్రం ఎవరినీ దగ్గరకు రానివ్వదు. రజియా తల్లిదండ్రులు హైదరాబాదువారు. ఆమె పుట్టిందీ పెరిగిందీ ఈ ఊళ్ళోనే. నా సాంఘికశాస్త్రం తరగతిలో మూడో బెంచీలో కూర్చుని గోళ్ళు కొరికేది. ఇప్పుడు రైసూత్ ఓడరేవులో పెద్ద ఉద్యోగం చేస్తున్నది. కూర్చోగానే చేతిసంచిలోంచి ఫోను తీసి నా ముందు పెట్టింది.

"గుర్తుపట్టుండ్రి సర్, ఇదేందో."

రాతి గోడలు, వాటి మీద మెత్తటి గడ్డి, గడ్డి మీద దుప్పట్లు పరుచుకుని కూర్చున్న మనుషులు, చేతుల్లో ఐస్‌క్రీములు పట్టుకున్న పిల్లలు, వెనక నీలంగా సముద్రం. నేను గుర్తుపట్టలేదు. పుస్తకాల్లో చూసిన ఆ దుర్గం పటం నలుపు తెలుపుల్లో, పైనుంచి చూసినట్టుగా, నక్షత్రపు ఆకారంలో ఉండేది.

"మీ కోట సర్! స్వెయాబోర్గ్! ఫిన్లాండు పోయినం, సెలవులకు. మా పిల్లలు ఆ ఫిరంగి మీదికెక్కి కూసున్నరు. మా ఆయనైతే, ఈ కోట కోసమేనా మీ సార్ ఏడ్చింది అంటడు."

"నేను ఏ తరగతిలోనూ ఏడవలేదు" అన్నాను.

"ఏడ్వలే సర్, నిజమే. సుద్దముక్క విరిచిండ్రు" అన్నది రజియా.

ఆమె వెళ్ళిపోయిన తరువాత చదువుతున్న పుస్తకం మళ్ళీ తెరిచాను గాని ఒక్క పేజీ కూడా ముందుకు సాగలేదు. ఈ వయసులో పాతవి జ్ఞాపకం రావడంలో నాకు సంతోషమేమీ కనిపించదు. మంచం మీదినుంచి లేవడానికి పట్టే శ్రమే దానికీ పడుతుంది. అయినా ఆ గడ్డి మీద కూర్చున్న పిల్లలు నన్ను ఆ దుర్గానికి తీసుకుపోకుండా, ఇదే ఊళ్ళో నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో కాపురమున్న ఒక అరటితోటకు తీసుకుపోయారు. దుర్గం పతనమైన కథను నేను పూర్తిగా చెప్పిన మొదటి చోటు అదే.

బడివారు ఇచ్చిన గదిలో మరి నలుగురితో ఇమడలేక, సముద్రం వైపు కొబ్బరి, అరటి తోటల మధ్య ఒక పాత ఇంట్లో గది తీసుకున్నాను. తోట ఒక ఒమానీ పెద్దమనిషిది. యజమానిని ఇక్కడ అర్బాబ్ అంటారు కనుక ఆయన అందరికీ పెద్ద అర్బాబ్. తోటను కనిపెట్టుకుని ఉండేది రాయచోటి నుంచి వచ్చిన హుసేన్ గారు. ఊళ్ళోని తెలుగువాళ్ళందరూ ఆయనను చాచా అనేవారు. నేనొక్కణ్ణి హుసేన్ గారూ అని పిలిచేవాణ్ణి. ఆయనకు అది మొదట్లో నవ్వు తెప్పించింది గాని తరువాత అలవాటైంది. ఆ తోటలోని కొబ్బరి చెట్లలో సగానికి పైగా ఆయనా పెద్ద అర్బాబూ కలిసి, ఇద్దరి గడ్డాలూ నల్లగా ఉన్న రోజుల్లో, చెరొక వైపునుంచి గుంటలు తవ్వి నాటినవి. సాయంకాలం ప్రార్థన తరువాత పెద్ద అర్బాబ్ వచ్చి చెట్ల మధ్య నడిచేవాడు. ఇద్దరూ సగం అరబ్బీలో, సగం ఉర్దూలో, ఏ చెట్టుకు ఏ రోగమో, ఏ గెల ఎప్పుడు దింపాలో మాట్లాడుకునేవారు. ఒక్కొక్కప్పుడు ఏమీ మాట్లాడుకోకుండా బావి గట్టు మీద కూర్చుని లేచి వెళ్ళిపోయేవారు.

ఆ ఇంటి వాసనలు ఇప్పటికీ నాకు వేరువేరుగా తెలుస్తాయి. ఉదయం డీజిల్ పంపు పొగ. దానివెంట తడిసిన నేల. ఆ తరువాత అరటి బోదె కోసినచోట కారే జిగురు, అది చొక్కాకు అంటితే చొక్కా పారవేయవలసిందే. సముద్రతీరాన పశువుల మేతకు ఎండబెట్టిన కవళ్ళ చేపల వాసన గాలి తిరిగినప్పుడల్లా వచ్చి కంచం ముందు కూర్చునేది. సాయంత్రం పొరుగు ఇళ్ళనుంచి లుబాన్ ధూపం వచ్చేది. మన సాంబ్రాణి కంటే పలచగా, చల్లగా ఉంటుంది. వీటన్నిటి మధ్యా హుసేన్ గారి వంటగదిలోనుంచి వేయించిన చనిక్కాయల ఘాటు. ఊరుబిండి పచ్చడికి ఆయన ఆ వేరుసెనగలను తానే రోట్లో నూరేవారు. ఊరినుంచి ఎవరు వచ్చినా రాగిపిండి తెప్పించుకునేవారు. సంగటి ముద్ద కట్టి, మధ్యలో గుంట చేసి నెయ్యి పోసి, "తిను సారూ, సల్లారితే అది మందు" అనేవారు. ఆయనకు ప్రతి వస్తువుకూ ఒక చోటు ఉండేది. నాకూ ఉండేది. ఒకే కప్పు కింద ఇద్దరు క్రమశిక్షణ గలవారు ఉంటే జరగవలసిన తగాదాలన్నీ మా మధ్య జరిగాయి. నీళ్ళ చెంబు కుండకు కుడివైపున ఉండాలా ఎడమవైపున ఉండాలా అన్నదాని మీద మేము చాలారోజులు మాట్లాడుకోలేదు. చివరకు ఆయన రెండో చెంబు కొని తెచ్చారు.

శుక్రవారం మల్లేశ్ వచ్చేవాడు. అతనిది జగిత్యాల వైపు ఊరు. రైసూత్‌లో ఏదో కంపెనీ సైట్ల మీద గోడలు కట్టేవాడు. క్యాంపు మెస్సులో తిండి సహించక, సెలవురోజు భోజనానికి హుసేన్ గారి దగ్గరకు వచ్చి, బదులుగా ఇంటికి పడిన పగుళ్ళు పూడ్చి వెళ్ళేవాడు. భోజనాలయ్యాక వరండాలో చాప పరిచి నన్ను కథ చెప్పమనేవారు. నేను ఎం.ఏ. చరిత్ర చదివినవాణ్ణి; నాకు తెలిసినవి యుద్ధాలూ సంధులూ మాత్రమే. అవే చెప్పేవాణ్ణి. ఊ కొట్టే పని మల్లేశ్‌ది. వాళ్ళ ఊళ్ళో ఒగ్గు కథ చెప్పేటప్పుడు వెనుకనుంచి ఊ కొట్టేవాడు లేకపోతే కథకుడు నోరు తెరవడట. "ఊ కొట్టేటోడు పండుకుంటె కథ గూడ పండుకుంటది సారూ" అనేవాడు. ఆ నియమం నాకు నచ్చింది. తరగతిలో కూడా పెడదామనుకున్నాను గాని ప్రధానోపాధ్యాయులు ఒప్పుకోలేదు.

ఆ ఏడు ఎండలు ముదిరేవేళకు పెద్ద అర్బాబ్ జబ్బుపడ్డాడు. వైద్యానికి బొంబాయి తీసుకుపోయారు. వెళ్ళేముందు తోటకు వచ్చి, కారు దిగలేక, కిటికీలోంచి హుసేన్ గారి చెయ్యి పట్టుకుని, "నేను వచ్చేదాకా ఇక్కడ ఎవరినీ ఏమీ ముట్టుకోనివ్వకు" అన్నాడు. పక్కనే నేనున్నాను, ఆ మాట విన్నాను. ఆయన ఎవరిని ఉద్దేశించి అన్నాడో కొద్దిరోజులకే తెలిసింది. చిన్న అర్బాబ్ అని మేము పిలిచే ఆయన కొడుకు, తోట తీసేసి ఆ స్థలంలో దుకాణాలూ అద్దె ఇళ్ళూ కట్టాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నాడు. తండ్రి అటు వెళ్ళగానే మేకులూ తాళ్ళూ పట్టుకుని కొలతల మనుషులు చెట్ల మధ్య తిరగడం మొదలుపెట్టారు. హుసేన్ గారు వాళ్ళను ఆపలేదు గాని ఇంటి తాళాలూ పంపు తాళమూ నడుముకు కట్టుకుని, తాను అక్కడినుంచి కదలనన్నారు. ఇంట్లో మనిషి ఉండగా చెట్టు మీద గొడ్డలి వేయడానికి చిన్న అర్బాబ్‌కు కూడా మనసొప్పలేదు. లేదా నలుగురూ ఏమనుకుంటారోనని జంకాడు. ఏదైతేనేం, ముట్టడి అలా మొదలైంది.

ఆ ముట్టడిలో గట్టి మాట ఒక్కటీ లేదని రాస్తే చదివేవారు నమ్మరు. చిన్న అర్బాబ్ చదువుకున్నవాడు, మర్యాదస్థుడు. వారానికొకసారి హల్వా డబ్బా పట్టుకుని వచ్చేవాడు. హుసేన్ గారు చాప దులిపి, ఖర్జూరాలూ, కహ్వా అనే అరబ్బు కాఫీ పెట్టి, తరువాత భోజనం పెట్టేవారు. వచ్చినవాడు తిని, చేతులు కడుక్కుని, "హుసేన్ భాయ్, నాన్నకు ఈ వారం అంత బాగాలేదు" అనేవాడు. పై వారం, "డాక్టర్లు ఇంకేమీ చెప్పలేమంటున్నారు" అనేవాడు. ఆ పై వారం, "బాధగా ఉంది గాని, ఆయన మళ్ళీ ఈ తోట చూస్తాడని నాకు నమ్మకం లేదు" అనేవాడు. కళ్ళు తుడుచుకునేవాడు కూడా. ఆ కన్నీళ్ళు అబద్ధమని నేను చెప్పలేను.

మల్లేశ్ ఒకసారి అవన్నీ చూసి భరించలేకపోయాడు. "చాచా, ఎవడన్న ఇల్లు గుంజుకునేటోనికి కోడికూర వండి పెడ్తడా? గేటుకు తాళమెయ్యి!"

"వాకిలికి వచ్చినోన్ని పో అంటామా రా? మా నాయన అనలేదు, వాళ్ళ నాయన అనలేదు ఆ మాట."

"వాళ్ళ నాయన దవఖానల ఉన్నడు. ఈడు నీ బువ్వ తినుకుంట నిన్నే తింటుండు."

"నువ్వు కూడా తింటాండావు కద రా, ఇంకొంచెం పులుసు ఏసుకో" అన్నారు హుసేన్ గారు.

ఆ రోజుల్లోనే నేను స్వెయాబోర్గ్ కథ ఎత్తుకున్నాను. ఎందుకు ఎత్తుకున్నానో ఇద్దరికీ తెలుసు. స్వీడన్ రాజుకూ రష్యా చక్రవర్తికీ యుద్ధం. ఫిన్లాండు అప్పుడు స్వీడన్‌ది. దాని తీరాన, దీవుల మీద, స్వీడన్‌వారు తరాలుగా కట్టిన దుర్గం అది. సముద్రంలోనుంచి లేచిన రాయిలా ఉంటుంది. లోపల కావలసినన్ని ఫిరంగులు, సైనికులు, మందుగుండు. శీతాకాలంలో సముద్రం గడ్డకడుతుంది కనుక రష్యావారు నడుచుకుంటూ వచ్చి చుట్టుముట్టారు. సముద్రం గడ్డకట్టడమన్న మాట దగ్గర హుసేన్ గారు నన్ను ఆపి, మళ్ళీ చెప్పించుకున్నారు. తరువాత చెట్ల వెనక హోరెత్తుతున్న నీటి వైపు చూసి, "ఇక్కడ గడ్డకట్టకనే మూసుకుంటాదిలే, ఖరీఫ్‌లో పడవలన్నీ గట్టున పడుకుంటాయి గదా" అన్నారు.

వచ్చినవారి దగ్గర దుర్గాన్ని బద్దలుకొట్టేంత బలం లేదు. ఉన్న కొద్దిమందినే అటూ ఇటూ తిప్పి ఎక్కువమందిలా కనిపించేట్టు చేసేవారు. కాల్పులకంటే కబుర్లు ఎక్కువ జరిగాయి. వారి దూతలు మర్యాదగా వచ్చి కోట అధిపతితో మాట్లాడేవారు. వార్తాపత్రికలు తెచ్చి ఇచ్చేవారు. వాటిలో వార్తలన్నీ స్వీడన్‌కు చెడ్డవే. కోట అధిపతి సామాన్యుడు కాడు; అంతకుముందు సముద్రం మీద గొప్ప విజయం సాధించిన నావికుడు. అటువంటివాడు వారం తరువాత వారం శత్రువు ఇచ్చిన పత్రికలు చదివి, లోకమంతా అయిపోయిందని నమ్మడం మొదలుపెట్టాడు. నేను ఇంతవరకూ చెప్పి ఆగితే మల్లేశ్ ఊ కొట్టడం మరిచి హుసేన్ గారి వైపు చూశాడు. హుసేన్ గారు అరటి నార చీల్చుకుంటూ తల ఎత్తలేదు.

పై శుక్రవారం ఒప్పందం సంగతి చెప్పాను. ఫలానా రోజు మధ్యాహ్నంలోగా స్వీడన్ నుంచి సహాయంగా యుద్ధనౌకలు వస్తే సరి. రాకపోతే కోట అప్పగిస్తానని అధిపతి సంతకం చేశాడు. సముద్రం ఇంకా మంచుగడ్డే. కబురు తీసుకుని రాజధానికి బయలుదేరిన దూతలను ముట్టడి వేసినవారే దారిలో రకరకాలుగా జాప్యం చేశారు.

మల్లేశ్ చాప మీదినుంచి లేచి నిలబడ్డాడు. "మరి గన్ని ఫిరంగులు ఎందుకు వెట్టుకున్నడు సారూ? బతుకమ్మ ఆడేటప్పుడు నడిమిట్ల వెట్టనీకా?"

"ఇంక చాలు సారూ ఈ పొద్దుకు" అన్నారు హుసేన్ గారు. "పెద్దాయన ఆస్పత్రిలో ఉండంగా ఈ ఇంట్లో కోట పడే మాట వద్దు. ఆయన రానీ, అప్పుడు చెబ్దువు." మల్లేశ్ కూడా ఊ కొట్టనన్నాడు. కథ ఆ గడువు ముందు ఆగిపోయింది.

ఆ వారం మధ్యలోనే చిన్న అర్బాబ్ వచ్చినప్పుడు, కహ్వా గిన్నె కింద పెట్టి హుసేన్ గారు తమంతట తామే మాట ఇచ్చారు. ఖరీఫ్ ముగిసి కొండ మీద మంచు విడిపోయిన తరువాత వచ్చే మొదటి శుక్రవారం మధ్యాహ్నం ప్రార్థన వరకూ చూస్తాను. పెద్దాయన వచ్చి తన నోటితో ఏది చెబితే అది. రాకపోతే తాళాలు నీ చేతికి ఇస్తాను. చిన్న అర్బాబ్ లేచి ఆయన భుజానికి ముద్దుపెట్టుకున్నాడు. బడినుంచి తిరిగివచ్చి ఈ మాట విన్నప్పుడు నాకు కోపం కంటే నీరసం ఎక్కువ కలిగింది. కథ ఎందుకు చెప్పానో తెలిసి కూడా ఇలా ఎందుకు చేశారని అడిగాను.

"కథ ఎట్ల అయిపోతాదో నాకు తెలీకనా సారూ? బాగుండే కథ అయ్యింటే ఆ మల్లిగాడు ఊ కొట్టకుండా ఉండునా?" అన్నారు. ఆయన చేతిలో పార ఉంది. మడవ తిప్పి నీళ్ళను పక్క పాదికి మళ్ళిస్తున్నారు. "పొద్దు లేచ్చానే ఈ దినం వచ్చాడేమో, రేపు వచ్చాడేమో అని ఎన్నాళ్ళు చూచ్చారు ఎవురైనా? గడువంటూ ఒగటి పెట్టుకుంటే ఆ దినం దాకా నిద్దరన్నా పడ్తాది. మీ కోట దొర కూడా అందుకే సంతకం పెట్టింటాడు. ఇచ్చేకి గాదు, నిద్ర పోయేకి."

చరిత్ర పుస్తకాల్లో ఆ అధిపతిని పిరికివాడన్నవారున్నారు, లంచగొండి అన్నవారున్నారు, సైనికుల ప్రాణాలు కాపాడాలనుకున్నవాడని సమర్థించినవారూ కొందరున్నారు. ఈ కారణం మాత్రం ఎవరూ రాయలేదు. ఆధారం లేని మాట కనుక నేనూ ఎక్కడా రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

బొంబాయికి ఫోను చేసి ఆసుపత్రిలోనే కనుక్కుందామన్నాను. ఊళ్ళో కిరాణా దుకాణం నడిపే గుజరాతీ షావుకారుకు అక్కడ బంధువులున్నారు. ఒక మాట అంటే చాలు, ఎవరైనా వెళ్ళి చూసి వచ్చేవారు. హుసేన్ గారు ఒప్పుకోలేదు. "కొడుకు చెప్పినాక ఇంగొకరిని అడిగితే, వాణ్ణి అబద్ధాలకోరు అన్నట్టే గదా. రేపు పెద్దాయన లేచి వచ్చి, నా కొడుకును అంత మాట అన్నావా అంటే నేనేం చెప్పల్ల?" నాకు తెలియకుండా నువ్వూ అడగకూడదని నాచేత కూడా మాట తీసుకున్నారు. ఆయన తోటను అన్నిటినుంచీ కాపాడగలిగి, ఆ ఒక్క మర్యాదనుంచి కాపాడలేకపోయారు.

ఖరీఫ్ ఆ ఏడు దట్టంగా వచ్చింది. వరండాలో ఆరవేసిన బట్ట ఆరేది కాదు. పుస్తకాల అట్టలకు బూజు పట్టేది. విమానాశ్రయం మీద మంచు కమ్ముకున్నదని చెబితే హుసేన్ గారు ఊరట పడేవారు. పెద్దాయన రాకపోవడానికి అదొక కారణం కదా. తరువాత ఒక ఉదయం లేచేసరికి కొండ అంచు గీసినట్టు కనిపించింది. సముద్రం మీద పడవ తెల్లగా కదిలింది. ఆయన దానివైపు చూసి, చూడనట్టుగా లోపలికి వెళ్ళిపోయారు.

ఆ శుక్రవారం మల్లేశ్ పొద్దున్నే వచ్చాడు. హుసేన్ గారు ఇల్లంతా ఊడ్చి, వంటపాత్రలు తోమి బోర్లించి, పంపు వేసి తోట మొత్తానికి నీళ్ళు పెట్టారు. రేపు కొట్టేసే చెట్లకు ఈ రోజు నీళ్ళెందుకని మల్లేశ్ అడగబోయి, నా ముఖం చూసి మానుకున్నాడు. చివరి పాది నిండాక ఆయన కాళ్ళు కడుక్కుని వచ్చి చాప మీద కూర్చున్నారు.

"చెప్పు సారూ, మిగిలిపోయిన కథ."

"నేనైతె ఊ కొట్ట" అన్నాడు మల్లేశ్. తల అటు తిప్పుకున్నాడు.

"నువ్వు కొట్టగాకు. నేను కొడ్తా." ఆయన నా వైపు చూసి, "ఊ" అన్నారు.

నేను చెప్పాను. గడువు రోజు మధ్యాహ్నం వరకూ కోటలోనివారు సముద్రం వైపు చూస్తూ నిలబడ్డారని. ఒక్క తెరచాప కూడా కనిపించలేదని. ఒక్కసారి కూడా గట్టిగా దాడికి గురికాని ఆ దుర్గం నుంచి సైనికులు ఆయుధాలు దించి, కొందరు కోపంతో కత్తులు విరగ్గొట్టుకుంటూ బయటకు వచ్చారని. కొద్దిరోజుల్లోనే మంచు కరిగి దారి తెరుచుకున్నదని. ప్రతి వాక్యం చివరా హుసేన్ గారు తప్పకుండా ఊ అన్నారు. తరువాత మసీదుకు వెళ్ళి, ప్రార్థన ముగించుకుని వస్తూ, గుమ్మంలో నిలబడి ఉన్న చిన్న అర్బాబ్‌కు తాళాలు అందించారు. అతడు ఈ ఇంట్లోనే ఉండమని నిజంగానే బతిమాలాడు. హుసేన్ గారు తన ట్రంకుపెట్టె మల్లేశ్ నెత్తికెత్తి అతని గదికి బయలుదేరారు.

నిన్న మేనకోడలు నన్ను ఆ వైపు కారులో తీసుకువెళ్ళింది. అక్కడ మూడంతస్తుల ఇళ్ళున్నాయి. కింద మందుల దుకాణం, మంగలి దుకాణం, చాయ్ అంగడి. ఖరీఫ్ చూడడానికి ఎక్కడెక్కడినుంచో వచ్చినవారు కార్లలో కూర్చునే చాయ్ తెప్పించుకుంటున్నారు. అందులో తప్పేమీ నాకు కనిపించలేదు. పిల్లవాడికి జ్వరం వస్తే కొబ్బరిచెట్టు కంటే మందుల దుకాణమే అవసరం. రజియా చూపించిన దుర్గం గోడల మీద దుప్పటి పరుచుకున్నవారికి దాన్ని ఎవరు ఎవరికి అప్పగించారన్నది అక్కరలేదు, అక్కరలేకపోవడమే మంచిదేమో. నేను మాత్రం కారు దిగలేదు. ఆనాడు ఒక నోటిమాట ఆ తోట కంచెను అన్ని నెలలు నిలబెట్టింది. ఈనాడు మా మేనకోడలు అద్దె ఇంటికి చేసుకున్న ఒప్పందం పుస్తకమంత లావున ఉంది. దాన్ని ఆమెగాని, ఇంటి యజమానిగాని చదవలేదు. ఏది మేలో తేల్చే ఓపిక నాకు లేదు.

తరగతిలో ఈ కథ చెప్పిన ప్రతిసారీ పిల్లలను నేను ఒక ప్రశ్న అడిగేవాణ్ణి. అందరూ కోట వైపే చూస్తారు. సంతకం పెట్టినవాణ్ణే తప్పుపడతారు. ఓడల వైపు చూసేవారెవరు? అవి రాలేకపోయాయా, రాలేదా? స్వెయాబోర్గ్ విషయంలో సముద్రం గడ్డకట్టిన మాట నిజం. దూతలను ఆపిన మాట నిజం. అంతకుమించి అనడానికి నా దగ్గర ఆధారం లేదు. అయినా ఆ ప్రశ్న దగ్గరే సుద్దముక్క విరిగేది. ఎందుకంటే ఆ ప్రశ్న నాకు పుస్తకాల్లో దొరకలేదు. రైసూత్‌లో మల్లేశ్ ఉండే రేకుల గది ముందు దొరికింది.

తోట నరకడం పూర్తయిన వారంలోనే, ఒక సెలవురోజు, పెద్ద అర్బాబ్ ఆ గది ముందు కారు దిగాడు. చిక్కిపోయాడు, చేతికర్ర వచ్చింది, కాని తన కాళ్ళ మీద తాను నడుస్తున్నాడు. ఆయనను చూడగానే హుసేన్ గారు లోపలికి వెళ్ళి గోడ వైపు తిరిగి పడుకున్నారు. ముఖం చూపించలేననుకున్నారు. మల్లేశ్ కుర్చీ తెచ్చి వేశాడు. నేను ఆయన పక్కన నిలబడి, ఖరీఫ్ మంచుకు విమానాలు ఆగిపోవడంవల్ల ఆలస్యమై ఉంటుందనీ, హుసేన్ గారు ఆఖరి నిమిషం వరకూ ఎదురుచూశారనీ, మాట ఇచ్చిన తరువాత తప్పలేకపోయారనీ చెప్పాను. సంజాయిషీలా చెప్పాను. ఆయన చేతికర్ర మీద గడ్డం ఆనించి విన్నాడు. ఆయన ఉర్దూలో అన్న మాటలను నేను తెలుగులో రాస్తున్నాను.

"విమానాలు తిరుగుతూనే ఉన్నాయి మాస్టర్. నేను ఎక్కలేదు. బొంబాయినుంచి ఎప్పుడో వచ్చేశాను. ఈ దేశంలోనే, ఖురియాత్‌లో మా చెల్లెలి ఇంట్లో చేపలు తింటూ కూర్చున్నాను. డాక్టరు అప్పుడే ఇంటికి పొమ్మన్నాడు. వస్తే నా కొడుకు ముందు నిలబడి వద్దనాలి. లేకపోతే హుసేన్ ముందు నిలబడి సరే అనాలి. రెండూ నావల్ల కాలేదు. తాళాలు ఇచ్చేశాడని తెలిశాక బయలుదేరాను."

రేకుల గదికి తలుపు లేదు. గోనెపట్టా మాత్రమే ఉంది. లోపల మంచం కిర్రుమన్నది. మల్లేశ్ చేతిలో బియ్యం కడుగుతున్న గిన్నె అలాగే ఆగిపోయింది. హుసేన్ గారు పట్టా తొలగించుకుని బయటకు వచ్చి, వంగి ఆ పెద్దమనిషి భుజానికి ముద్దుపెట్టుకున్నారు. ఆపరేషను కోత మానిందా, ఉప్పు తినవచ్చునన్నారా, రాత్రిళ్ళు నిద్ర పడుతున్నదా అని అడిగారు. ఆయన ఒక్కొక్కదానికీ జవాబు చెప్పాడు. హుసేన్ గారు చాయ్ పెట్టి ఇచ్చారు. తోట మాట ఇద్దరూ ఎత్తలేదు. చాయ్ అయ్యాక చెయ్యి పట్టుకుని కారు వరకూ తీసుకువెళ్ళి, తలుపు వేసి, కారు మలుపు తిరిగేదాకా నిలబడ్డారు. తిరిగివచ్చి నా పక్కన అరుగు మీద కూర్చున్నారు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, రేవులో సరుకులు దించుతున్న ఓడ వైపు చూశారు.

"పెద్దాయన రాలేక రాలేదులే అనుకుంటి సారూ" అన్నారు. "అట్ల అనుకున్నన్ని దినాలూ నాకు తోట పోయినట్టే లేకపాయె. ఈ పొద్దు పాయె."